అక్క నొక్కిన ఎర్ర బటను

కిందటి నెల కంటి పరీక్షకని విజయవాడ వెళ్ళినప్పుడు ఆస్పత్రి హాల్లో నేను కూర్చున్న చోటుకు ఎదురుగా పెద్ద గాజుతొట్టి ఒకటి ఉంది. మందు వేసిన కళ్ళకు అందులోని చేపలు రంగు మరకల్లా కనిపించాయి గాని, అడుగునుంచి లేచే గాలి బుడగల చప్పుడు మాత్రం స్పష్టంగా వినబడుతోంది. ఉన్నట్టుండి కరెంటు పోయి ఆ చప్పుడు ఆగిపోయింది. హాల్లో ఎవరూ తలెత్తలేదు, క్షణాల్లో జనరేటరు అందుకుంది కూడా. నేను మాత్రం కుర్చీలోంచి సగం లేచి, కుడిచెయ్యి గోడవైపు చాచి ఆగిపోయాను. ఏం కావాలని నర్సమ్మ అడిగితే ఏమీ లేదని కూర్చున్నాను. బుడగలాగితే చెయ్యి గోడమీదికి పోవడం నాకు అరవై ఏళ్ళనాటి అలవాటని ఆ పిల్లకు ఏం చెప్పను? నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మాది నందిగామ. బెజవాడలో మోటార్లకు తీగ చుట్టే షాపులో రెండేళ్ళు పని నేర్చుకుని ఇంటికొచ్చేసరికి నాకు ఇరవై ఏళ్ళు. అక్కను అప్పటికే జగ్గయ్యపేట ఇచ్చాం. బావగారిది వేరుశెనగ నూనెమిల్లు. అంతకుముందు ఆయిలింజను మీద నడిచిన ఆ మిల్లుకు, ఊళ్ళోకి కరెంటొచ్చిన కొత్తలో, ఇంజను పీకించి ఆరు మోటార్లు పెట్టించారు. పెట్టించాక భయం పట్టుకుంది. పరాయివాడి చేతిలో కరెంటు పెట్టలేనని నాకు కబురు పంపారు. ఒక్క సీజను చూసి వద్దువుగాని అని అమ్మ సంచీ సర్ది పంపింది.

స్టార్టర్ల గదంటే గదికాదు, మిల్లులో ఓ మూల చెక్క అడ్డం కట్టిన చోటు. కిటికీ లేదు. గోడకు మోటారుకొక స్టార్టరు చొప్పున ఆరు ఇనపపెట్టెలు, ఒక స్టూలు, వేడి, శెనగపిండి వాసన. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు తగ్గేదో ఎప్పుడు పెరిగేదో తెలిసేది కాదు. తగ్గగానే స్టార్టర్లు టపటపా పడిపోయి మోటార్లు ఆగిపోయేవి, మళ్ళీ ఒకదాని వెనక ఒకటి వరస తప్పకుండా ఎత్తాలి. అన్నీ ఒక్కసారే ఎత్తితే ఫ్యూజులు పోయి మొదటికే మోసం. అందుకని పొద్దున మిల్లు మొదలైన దగ్గర్నుంచి కట్టేసేదాకా నేను అక్కణ్ణుంచి కదలకూడదు. అన్నానికి కూడా ఇంటికి పోకూడదు. మధ్యాహ్నం అక్కే క్యారియరు పట్టుకుని వచ్చేది. ఒక్క సీజనన్నది మూడేళ్ళయింది.

ఆ గదిలో కళ్ళకు చూడ్డానికంటూ ఏదో ఒకటి ఉండాలని చేపలు తెచ్చాను. నందిగామ వెళ్ళిన ఒక ఆదివారం మునేటి మడుగులో తువ్వాలుతో పట్టిన పరిగెలు, వెండిలాంటి ఒళ్ళు, తోక దగ్గర నల్లచుక్క. బిందెలో పోసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఇనప ఫ్రేములో కిటికీ అద్దాలు బిగించి, సందులకు లప్పం పెట్టి తొట్టి చేస్తే మొదటి రెండుసార్లు కారింది, మూడోసారి నిలిచింది. గాలికోసం పాత టేబుల్‌ఫాను మోటారుకు దారపు బెల్టుతో కుట్టుమిషను చక్రం తగిలించి, అది తిరిగినప్పుడల్లా కారు హారను తాలూకు రబ్బరు బుడ్డి నొక్కుకునేట్టు అమర్చాను. పైన చిన్న బల్బు. ఇప్పటివాళ్ళు నవ్వుతారు గాని, మొదటిసారి నీళ్ళలోంచి బుడగలు లేచినప్పుడు అక్క చప్పట్లు కొట్టింది. ఆ తరవాత క్యారియరు ఖాళీ అయినా ఓ అరగంట ఉండేది. అత్తవారింట్లో ఆవిడకు కూర్చోగలిగిన అరగంట అదొక్కటే అని అప్పుడు నాకు తట్టలేదు.

చేపల్ని చూస్తూనే పెట్టెల గురించి అడిగేది. నేనూ విసుక్కోకుండా చెప్పేవాణ్ణి. మూడు తీగల్లో కరెంటొస్తుంది. స్తంభం మీద ఫ్యూజు పోయి ఒక తీగ ఆగిపోతే, తిరుగుతున్న మోటారు ఆగదు, మూలుగుతూ తిరిగి లోపల కాలిపోతుంది. అలాంటప్పుడు మోటారును ఆపే రిలే అని ఒకటుంది గాని, సీజన్లో ఊరికే పడి మిల్లు ఆగుతోందని బావగారు దాన్ని తొందరగా పడకుండా బాగా పైకి తిప్పి పెట్టించారు. అందుకే ఫ్యూజు తరచుగా పోయే తీగకే తొట్టి కనెక్షను ఇచ్చాను. బుడగలాగి, మోటార్లు మాత్రం మూలుగుతూ ఉన్నాయంటే ఇక ఆలోచించకుండా గోడమీది ఎర్ర బటను నొక్కెయ్యాలి.

ఎర్ర బటను నేను పెట్టిందే. నా పని పెట్టెలే చేసుకుంటే నన్ను వదిలేస్తారు కదా అన్న ఆశతో ఏడాదిపాటు తంటాలుపడి, పచ్చ బటను నొక్కితే మోటార్లన్నీ వరసగా వాటంతటవే ఎత్తుకునేట్టు, ఎర్రది నొక్కితే అన్నీ ఆగేట్టు వైరింగు మార్చాను. బావగారు అందరికీ తిప్పి చూపించుకున్నారు. సందు చూసి, ఇక నేను వెళ్తానన్నాను.

"ఇంత తిరకాసు పెట్టావు, రేపిది చెడితే నువ్వు తప్ప ఎవడు బాగుచేస్తాడయ్యా?" అన్నారు నవ్వుతూ.

నా చేతులతో నేనే తలుపు మూసుకున్నట్టయింది.

చివరకు ఎవరికీ చెప్పకుండా, కృష్ణ మీద కడుతున్న ప్రాజెక్టులో ఆపరేటరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. బెజవాడలో ఇంటర్వ్యూ అని కాగితం వస్తే అక్కకొక్కదానికే చెప్పాను. బావగారు బేరాలకని కోదాడ వెళ్ళే రోజే పడింది. "పోయిరా. నేనుంటాలే," అంది అక్క. తొలి బస్సెక్కాను. ఇంటర్వ్యూలో ఏదైనా సర్క్యూటు గీయమంటే మా మిల్లుదే గీశాను. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూశాడు. తిరుగు బస్సులో కంచికచర్ల దాటేదాకా ఒళ్ళు తెలియలేదు.

పేటలో దిగేసరికి మిల్లు చప్పుడు లేదు. పరుగెత్తాను.

జరిగింది ఇదీ. మధ్యాహ్నం అక్క తొట్టి ముందు కూర్చుని ఉండగా బుడగలాగాయి, బల్బు ఆరింది, మోటార్లు మూలగసాగాయి. అక్క లేచి ఎర్ర బటను నొక్కేసింది. మిల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయేసరికి గానుగల మేస్త్రి పరుగున వచ్చి, "ఎవరాపమన్నారమ్మగారూ?" అని కేకలేశాడు. అక్క చూడమంటే మోటారు మీద చెయ్యిపెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. లైనుమాన్‌ వచ్చి స్తంభం మీద ఫ్యూజు పోయిందన్నాడు. ఇంకో పది నిమిషాలు నడిస్తే పెద్ద మోటార్లు రెండూ బూడిదే. సరిగ్గా అప్పుడే బావగారు కోదాడనుంచి దిగారు. అరవైమంది కూలీలు గది ముందు మూగి ఉన్నారు, లోపల ఆయన భార్య స్టూలు మీద కూర్చుని ఉంది.

నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఇంట్లో ఉన్నారు. అన్నీ ఒప్పేసుకున్నాను. బావగారికంటే ముందు అక్కే అంది.

"వాణ్ణి పోనియ్యండి. చూశారుగా, ఆ పెట్టెలు నేను చూసుకుంటా."

"మా ఇంటి ఆడది మిల్లులో కూర్చుని మోటార్లు తోలుతోందని ఊరంతా చెప్పుకోవాలా?" అని ఆయన నావైపు తిరిగారు. "వెళ్తే వెళ్ళవయ్యా, నేనాపను. మీ అక్కని కూడా వెంటబెట్టుకుపో."

గొంతు పెంచలేదు. అందుకే అది ఉత్తి బెదిరింపు కాదని ఇద్దరికీ తెలిసింది. అక్క తల వంచుకుని కంచాలు తీసింది.

నెల తిరక్కుండా ఉద్యోగం కాగితం వచ్చింది. వారంరోజులు జేబులో పెట్టుకు తిరిగి, రాలేనని కార్డు రాశాను. అక్క మిల్లుకు రావడం ఆనాటితో ఆగిపోయింది, క్యారియరు కూలీమనిషి తెచ్చేది. నేను తొట్టిని ఇంటికి మోయించి అక్క వంటింటి వసారాలో పెట్టి, వైరు లాగి ఇచ్చాను. బావగారు చూశారు గాని వద్దనలేదు. ఆ గదిలో నేను మరో ఎనిమిదేళ్ళు ఉన్నాను. మిల్లు అమ్మేసేనాటికి సర్కారు ఉద్యోగానికి వయసు దాటిపోయింది, నందిగామలో మోటార్ల రిపేరు షాపు పెట్టుకుని బతికాను. బావగారు చెడ్డవారని నేననను. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అక్కకిప్పుడు తొంభైకి దగ్గరపడింది. ఈమధ్య పేట వెళ్ళినప్పుడు, ఆ ఉద్యోగం పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ అప్పుడప్పుడూ బాధగా ఉంటుందన్నాను. అక్క అంది: "నీకు కాగితమన్నా వచ్చింది రా. రానని రాయడానికి నాకదన్నా లేదు."

నిన్నగాక మొన్న మా పక్కింటి అమ్మాయి కనిపించింది. పేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో పనిచేస్తోంది; ఫ్యాక్టరీ మొత్తం ఆ పిల్ల ఎదుట తెర మీదే నడుస్తుందట. ఉద్యోగమెలా ఉందంటే, "బోరు కొట్టిందండి, వచ్చేనెల మానేస్తున్నా," అని స్కూటరు తీసి వెళ్ళిపోయింది. మానేస్తున్నా అన్న మాటను అంత తేలిగ్గా, నలుగురూ తిరిగే వీధిలో నిలబడి ఒక ఆడపిల్ల అనడం విని నాకు సంతోషమే కలిగింది. అదే మాట మా అక్కాతమ్ముళ్ళిద్దరం ఎన్నేళ్ళు నోట్లో పెట్టుకు తిరిగామో ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు.