అక్టోబరు టికెట్లు

మద్దిలపాలెం నుంచి ఆనందపురం వెళ్లే బస్సులో మా ఆయనతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. అక్టోబరులో వియత్నాం టికెట్లు చవకగా ఉన్నాయని, పాపను కూడా తీసుకెళ్దామని అంటున్నాడాయన. "అక్టోబరులో వియత్నామా?" అన్నాను. పక్క సీటులోని పెద్దాయన నా వైపు తిరిగాడు.

"ఏటమ్మా, అక్టోబర్లోనా? ఎల్లకండి. ఓడల్లో పనిసేసినోణ్ణి, సెప్తన్నాను. అక్కడ అది తుపాన్ల కాలం."

"సరిగ్గా మేం వెళ్లినప్పుడే వస్తుందా బాబాయ్?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "నానూ అలాగే అనుకున్నాను. గాలొచ్చినప్పుడు నానూ, నా జతగాడూ ఒకే తాడు పట్టుకున్నాం. కెరటం పోయాక సూస్తే, తాడూ నానే ఉన్నాం."

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "బుక్ చేసెయ్యనా?" అని ఫోన్‌లో మా ఆయన అడుగుతున్నాడు. వద్దన్నాను.

మధురవాడలో దిగబోతూ పెద్దాయన, "పిబ్రవరిలో ఎల్లండమ్మా. సముద్రం నిమ్మళంగా ఉంటాది" అన్నాడు.

ఫిబ్రవరిలోనే వెళ్లాం. సముద్రం నిజంగానే నిమ్మళంగా ఉంది. పాప మోకాలి లోతు నీళ్లలో కేరింతలు కొడుతోంది. కాసేపటికి, "అమ్మా, నొప్పి" అంది. చూస్తే, దాని మణికట్టు మీద నా వేళ్లు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.