శాలువాకు బదులు తువ్వాల

ఆ రోజుల్లో మాకు సంతకమే రాదు, ఇంగ్లీషు మాట ఎక్కడిది. అయినా ఒక ఇంగ్లీషు మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది. ఫెలిసిటేషన్. నాకు పెళ్లయి అప్పటికి ఏడాది. మా ఆయన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. ఈతకొచ్చి మునిగిపోతున్న ఇద్దరు కాలేజీ పిల్లలను జుట్టు పట్టి ఒడ్డుకు లాగాడు. వారం తిరగకముందే బడి సారు మా ఇంటికొచ్చి, "మీ ఆయనకు ఫెలిసిటేషన్ జేస్తరట, పెద్ద ఆఫీసరొస్తుండు" అన్నాడు.

"గదేంది సారూ?"

"మంచి పని జేసినోన్ని నలుగుర్ల పిలిచి మర్యాద జేసుడమ్మా. శాలువ కప్పుతరు."

"అంటే బట్టలు పెడ్తరా?"

"గట్లనే అనుకో" అని సైకిలెక్కాడు. (అట్లా కాదమ్మా అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది.)

మాలో ఎవరైనా బట్టలు పెడితే మనమూ తిరిగి పెట్టాలి. లేకపోతే ఆ ఇంటి ఆడదానికి తలవంపు. మా ఆయన ధ్యాస మాత్రం వేరు. పుట్టినప్పటి నుంచి ఒక్క ఫొటో దిగినవాడు కాదు. "శాలువతోని ఒక్క ఫొటో దిగాలె, మా అవ్వకు జూపియ్యాలె" అని పొద్దస్తమానం మీసం దువ్వేవాడు. నేను మేడ్చల్ పోయి గళ్ల తువ్వాల కొన్నాను.

సభలో ఆఫీసరు శాలువా కప్పాడు, ఫొటోలాయన కెమెరా ఎత్తాడు. నేను గబగబా మెట్లెక్కి, వాళ్లిద్దరి మధ్యకు పోయి, ఆఫీసరు నొసట బొట్టు పెట్టి తువ్వాల భుజాన వేశాను.

"నాకెందుకమ్మా?" అన్నాడాయన.

"మీరు పెట్టిండ్రు, మేం పెట్టొద్దా సారూ?"

జనం ఈలలు వేశారు. లైటు మెరిసింది. "ఇగ రీలు అయిపోయింది" అన్నాడు ఫొటోలాయన.

వచ్చిన ఫొటోలో ఆఫీసరున్నాడు, తువ్వాలుంది, నా వీపుంది. మా ఆయనది మోచేయి పడింది. తిడతాడనుకున్నాను. ఫొటోను వెలుగుకు పట్టి, "మోచెయ్యి మంచిగొచ్చిందే" అన్నాడు. ఆయన పోయాక గోడకు పెట్టడానికి వేరే ఫొటో లేక, ఆధార్ కార్డు మీది మొహాన్నే పెద్దది చేయించాం. (అందులో ఎవరి మీదో అలిగినట్టుంటాడు. నేను చెబుతుంటే ఇది రాస్తున్న మనవరాలు నవ్వుతోంది, నవ్వనీ.) మెట్ల కింద ఒక్క నిమిషం ఆగి ఉంటే ఏం పోయేది నాకు.

మొన్న తూంకుంటలో, అంగన్‌వాడీలో పనిచేసే మా బిడ్డకు శాలువా కప్పారు. నేను వెనక వరుసలో, ఒళ్లో కొత్త తువ్వాలతో, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఫొటో పడేదాకా లేవలేదు. పడ్డాక మాత్రం నన్నెవరూ ఆపలేకపోయారు.