అక్క ఫారంలో రెండో ప్రశ్న

మా అక్క మెదడు, నరాల డాక్టరు. పక్షవాతం మీదా, మెదడుకు రక్తం మోసే నాళాలు పూడుకుపోవడం మీదా ముప్పై ఏళ్లు పరిశోధన చేసింది. ఎవరెదురైనా ముందు మెడ చూస్తుంది. నా పెళ్లిలో మామగారి మెడకు స్టెతస్కోపు ఆనించి, "బాబాయిగారూ, లోపల చప్పుడు బాగాలేదు, రేపే స్కాన్ తీయించుకోండి" అంది. పెళ్లి ఆగిపోతుందేమోనని అమ్మ హడలిపోయింది. స్కాన్‌లో నాళం ముప్పాతిక వంతు మూసుకుపోయిందని తేలింది. ఆపరేషనయ్యాక మామగారికి అల్లుడికంటే అల్లుడి అక్కే ఎక్కువైంది. నాకు కాస్త కుళ్లే.

నాది అచ్చాఫీసు. ఆమె ఫారాలన్నీ నేనే వేశాను. ఎంత త్వరగా ఆస్పత్రికి వస్తే అంత బాగా కోలుకుంటారని రుజువు చేయడం ఆమె పని. తొమ్మిదేళ్లు, ఏడొందల పైచిలుకు రోగులు. ఫారంలో రెండో ప్రశ్న: "జబ్బు ఎప్పుడు వచ్చింది?"

తీరా పరిశోధన వ్యాసం పత్రికకు పంపే వారంలో అక్క ఫారాల కట్ట పట్టుకుని అచ్చాఫీసుకు వచ్చింది.

"ఒరేయ్, ఆలస్యంగా వచ్చినవాళ్లలో సగం మందికి పొద్దున ఆరూ, ఏడూ అనే రాసుంది. పక్షవాతం అలారం పెట్టుకుని వస్తుందా?"

"అయితే?"

"అది జబ్బొచ్చిన వేళ కాదురా, ఇంట్లోవాళ్లు లేచి చూసిన వేళ. త్వరగా వచ్చినవాళ్లని, రక్తం గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి కాబట్టి, చివరిసారి బాగుండగా ఎప్పుడు చూశారని గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. ఆలస్యమైనవాళ్లకి ఎలాగూ ఆ మందు లేదని కాగితం చూసి వదిలేశాను."

"ఎవరికి తెలుస్తుంది? పంపేయ్."

"నాకు తెలిసిందిగా!"

నాకు సిగ్గేసింది. నోరు మూసుకుని కొత్త ఫారం వేశాను.

పద్నాలుగు నెలలు, ప్రతి ఆదివారం, నా వ్యానులో, ఆలస్యంగా వచ్చిన రోగుల ఇల్లిల్లూ తిరిగాం. కొందరు కాఫీ ఇచ్చారు, కొందరు తలుపే తీయలేదు. తిరిగేకొద్దీ, అసలు వేళ తెలియని ఫారాలు కొట్టివేతల్లోకి పోయాయి, గొప్పగా కనబడ్డ ఫలితం సన్నబడింది. కూర్చున్న కొమ్మనే నరుక్కుంటోందని తోటి డాక్టర్లు నవ్వారు. నాకైతే వాళ్ల మీద ఒళ్లు మండిపోయేది. ఆమె మాత్రం మళ్లీ ఆదివారానికి ఇళ్ల జాబితా రాసుకునేది.

జాబితాలో ఆఖరిది ఒక దర్జీ ఇల్లు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. దర్జీ కుర్చీలో కూర్చున్నాడు. ఆరేళ్లుగా కుడిచెయ్యి లేవదు, మాట రాదు, చెప్పింది మాత్రం అర్థమవుతుంది. అక్కను చూడగానే ఆయన భార్య గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"ఆ రోజు నన్ను తిట్టారు డాక్టరమ్మా. ఏడింటికి జబ్బొస్తే పన్నెండింటికా తెచ్చేది, ఐదు గంటలు ఇంట్లో ఏం చేశారమ్మా అని. నిద్రమత్తనుకున్నాను. నా చేతులారా ఈయన్నిలా చేసుకున్నాను."

అక్క కట్టలోంచి ఆయన పాత ఫారం తీసి చూసింది. తర్వాత అడిగింది. "ఆయన మీతో బాగా మాట్లాడింది చివరిసారి ఎప్పుడు?"

"ముందురోజు రాత్రి తొమ్మిదింటికి. గుండీలు అయిపోయాయి, తేవాలన్నారు. పడుకున్నారు."

"అయితే నిద్రలో ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలీదమ్మా. మీరు ఏడింటికే పరుగెత్తుకొచ్చినా ఆ మందు నేను ఇచ్చేదాన్ని కాదు. వేళ తెలియకుండా ఇవ్వకూడదు. ఐదు గంటలన్నది నా కాగితం తప్పు. మిమ్మల్ని తిట్టడం నా తప్పు. క్షమించండి."

అంత పెద్ద డాక్టరు చేతులు జోడించడం నేను చూడటం అదే మొదటిసారి. దర్జీ భార్య అక్క వైపు చూడనే లేదు. గబగబా వెళ్లి కుర్చీ ముందు కూలబడి, మొగుడి మోకాళ్లు పట్టుకుని ఊపేసింది.

"విన్నావా? నేను ఆలస్యం చెయ్యలేదంట! విన్నావా?"