తాండూరు నుంచి నిలబడి వచ్చిన బండలు

నయాపైసలు వచ్చిన కొత్తలో వికారాబాదులో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. గృహప్రవేశం ఆదివారం. బుధవారానికి కూడా ఇంట్లో మట్టినేలే. తాండూరులో కొన్న నాపబండలు వ్యాగన్ దొరక్క అక్కడి గూడ్సు షెడ్డులో పది రోజులుగా పడి ఉన్నాయి. ఉత్తరాలతో అయ్యే పని కాదని పొద్దున ఆరున్నర ప్యాసింజర్ ఎక్కాను. అది కదిలేసరికి ఏడు దాటింది. ఎవరి మీద అరుస్తాం?

ధారూరులో ఎక్కిన కందుల వ్యాపారి నా గోడు విని నవ్వాడు. "లారీ మాట్లాడుకోండ్రి సారూ. రైలును నమ్ముకుంటే ఆ బండలు మీ మనుమలు పరుస్తరు."

ఎనిమిదిన్నరకు తాండూరులో దిగి, స్టేషను ఎదుట జొన్నరొట్టె తిని, షెడ్డుకు వెళ్లాను. గూడ్సు బాబు తలెత్తకుండానే వ్యాగన్ ఎప్పుడొస్తుందో తెలియదన్నాడు. బయట బండి మల్లయ్య కనిపించాడు. గని నుంచి నా బండలను ఎడ్లబండిలో నాలుగు విడతలుగా షెడ్డుకు చేర్చింది ఆయనే. లారీ మాట్లాడతానని నసుగుతూ చెప్పాను.

"మొన్న ఒక లారీల బండలు పండవెట్టి కొంచవోయిండ్రు సారూ. సగం పలిగినయంట," అన్నాడు. ఆ తృప్తిని దాచుకోలేదు కూడా. "ఇంకో రెండు దినాలు సూడుండ్రి. వ్యాగనొస్తది."

లారీలు నేరుగా గనికే వెళ్లడం మొదలైతే ఆయన ఎడ్లకు పని ఉండదు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆదివారం నా కోసం ఆగదు కదా!

పదకొండుకు లారీ కుదిరింది. డ్రైవరుది కొడంగల్. కూలీలు మొదటి బండను పండబెట్టారు. మల్లయ్య బీడీ కాలుస్తూ చూశాడు. ఆయన ఊరుకుంటే చాలు, నా బండలూ విరిగేవి, లారీల పేరూ చెడేది. రెండో బండ ఎత్తగానే బీడీ పారేసి లారీ ఎక్కాడు.

"పండవెడితే గుంతకొకటి పలుగుతది. అంచు మీద నిలవెట్టుండ్రి. నడుమ గడ్డి కుక్కుండ్రి."

గడ్డి ఎక్కడిదని అడిగేలోపే తన ఎడ్లకు తెచ్చుకున్న మోపు విప్పాడు. డ్రైవరు పక్కనే నిలబడి, "గిట్లనా తాతా?" అని అడిగి అడిగి నేర్చుకున్నాడు. డబ్బులివ్వబోతే మల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను తెచ్చిన బండలే గద సారూ. ఇంతదాంక తెచ్చి పలగ్గొట్టుకుంటనా?"

భోజనం చేసి రెండున్నరకు డ్రైవరు పక్కన కూర్చున్నాను. పెద్దేముల్ దారిలో ముందు ఖాళీ ఎడ్లబండి కనిపించింది. మల్లయ్యే, ఊరికి పోతున్నాడు. హారన్ వినగానే బండిని పక్కకు తీసి దారిచ్చాడు. "గుంతలకాడ మెల్లగ పోనియ్యి," అని డ్రైవరును హెచ్చరించాడు. నాకు ఆయన మొహం చూడడానికి సిగ్గేసింది.

అయిదున్నరకల్లా మా గుమ్మం ముందు ఉన్నాం. ఒక్క బండ కూడా పలగలేదు. తాండూరు బండలు తెచ్చుకోదలచినవారికి లారీయే మేలని నేనిప్పుడు ధైర్యంగా చెప్పగలను. చెప్పాలంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

దించడం అయ్యాక లారీలో మిగిలిన గడ్డిని ఊడ్చేయబోయాను. డ్రైవరు నా చేయి పట్టుకున్నాడు.

"ఉండనియ్యుండ్రి సారూ. రేపు సీదా గనికే పోతున్న. పనికొస్తది."