దిండు కింద కాగితం

నెల్లితోపు మార్కెట్ వీధిలో కె. విజయరంగన్ కుట్టిన జాకెట్టుకు ముప్పై ఏళ్లలో వంక పెట్టినవాళ్లు లేరు. అటువంటి మనిషి పోయిన తమిళ ఆడి నెలలో ఒక జాకెట్టుకు మూడు చేతులు కుట్టాడు. మూడోది కూడా చక్కగా కుదిరింది, అదే బాధ. గుడ్డ ఇచ్చినావిడ దాన్ని బల్లమీద పరిచి, తన రెండు చేతులూ చాపి చూపించి, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదని ఆయన కుమిలిపోయాడు.

దీనికంతటికీ కారణం నిద్ర. నాలుగు నెలలుగా ఆయనకు కంటిమీద కునుకు లేదు. పగలు కత్తెర పడితే తూగు, రాత్రి నడుం వాలిస్తే కళ్లు గాజుగోళీలు. పొర్లి పొర్లి విసిగిపోయి, లేచి మిషను తొక్కేవాడు. అలా తొక్కగా వచ్చిందే ఆ మూడో చెయ్యి. ఇలాగే సాగితే కొట్టు మూసుకోవాలి, ముప్పై ఏళ్ల పేరు గంగలో కలిసినట్టే అని ఆయన భయం.

మేడమీద అద్దెకుండే రామభద్రరావు యానాం నుంచి బదిలీమీద వచ్చిన ఉద్యోగి. ఆఫీసువాళ్లందరూ హాయిగా నిద్రపోతారని విజయరంగన్ నమ్మకం. ఒకరోజు పొద్దున ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

"సార్, నిద్దర బాగా పట్టాలంటే ఏం జెయ్యాలో రోంత రాసియ్యండి. మీరు చదువుకున్నోరు."

రామభద్రరావు ఎందుకో నీళ్లు నమిలాడు. సాయంత్రం మాత్రం మడిచిన కాగితం ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. "ఏమీ అనుకోకండి బాబాయిగారూ. ఇందులో ఉన్నట్టు చేస్తే ఇద్దరికీ మంచిదండి" అని గబగబా మెట్లెక్కేశాడు.

కాగితం నిండా ముత్యాల్లాంటి తెలుగు. చిక్కల్లా అక్కడే వచ్చింది. విజయరంగన్ వాళ్లది తరతరాలుగా ఈ తమిళ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబం. పోట్లాడుకునేది తెలుగులోనే, దేవుడికి మొక్కేదీ తెలుగులోనే. చదివింది తమిళ బడిలో కాబట్టి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు "మేమూ తెలుగోళ్లే సార్" అని రొమ్ము విరుచుకున్నవాడు ఇప్పుడు చదవడం రాదని ఏ మొహంతో చెబుతాడు? భార్య సౌభాగ్యానికి చూపించాడు.

"నాకు మాత్రం యాడొస్తుంది? అంకెలైతే తెలస్తా ఉండాయి" అంది ఆవిడ.

నిజమే. మూడే మూడు అంకెలు: 10, 2, 3.

టైలరుకు అంకెలు దొరికితే చాలు, మిగతాది తను చూసుకుంటాడు. పది అంటే పది గంటలకు పడుకోవడం. రెండు అంటే రెండు పూవన్ అరటిపళ్లు. మూడు దగ్గర మొగుడూ పెళ్లాలకు పెద్ద గొడవైంది. చివరికి మంచం చుట్టూ మూడు ప్రదక్షిణలని తేల్చారు. మంచం గోడకు ఆనించి ఉంది కాబట్టి గది మధ్యకు లాగారు. ఫోను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ మాట కాగితంలో లేకుండా ఉండదని సౌభాగ్యం వాదన. కాగితాన్ని దిండు కింద పెట్టుకున్నాడు.

మొదటి రాత్రి అరటిపళ్లు అరగలేదు. నాలుగో రాత్రి మూడో చుట్టు పూర్తికాకముందే ఆవలింత వచ్చింది. వారం తిరిగేసరికి ఆయన గురకకు సౌభాగ్యం చెవుల్లో దూది పెట్టుకుంది. జాకెట్లకు మళ్లీ రెండేసి చేతులు వచ్చాయి. పళ్ల కొట్టు వెంకటేశన్ సంగతంతా అడిగి, కాగితం జిరాక్స్ తీయించి తన దిండు కిందా పెట్టుకున్నాడు. ఆయనదీ తెలుగు ఇల్లే, ఆయనకూ చదవడం రాదు. గదిలో తిరగడానికి చోటు చాలక ఆయన మంచాన్నే మూడుసార్లు తిప్పాడు.

పదో రోజున రామభద్రరావు స్వీటు పొట్లం పట్టుకుని కిందికి దిగాడు. మనిషి తేటగా ఉన్నాడు.

"చాలా థాంక్సండి బాబాయిగారూ. అంత కటువుగా రాసినా మనసులో పెట్టుకోకుండా మిషను ఆపేశారు. నా అవస్థ కనిపెట్టే ఆవేళ రాసిమ్మన్నారనుకున్నానండి."

"ఏం మిషను సార్?"

"కాగితం చదివారు కదండీ?"

విజయరంగన్ భార్య వైపు చూశాడు. ఆవిడ పైకప్పు వైపు చూసింది. చివరికి దిండు కింద నలిగిన కాగితం తెచ్చి చాపాడు.

"మీరే ఒకతూరి చదవండి సార్. నా కండ్లజోడు యాడో పెట్టినా."

కళ్లజోడు ఆయన ముక్కుమీదే ఉంది. రామభద్రరావు అది చూసి, గొంతు తగ్గించి చదివాడు. "రాత్రి 10 దాటాక మొదలుపెట్టి 2 దాకా, ఒక్కోరోజు 3 దాకా మీరు మిషను తొక్కుతుంటే నా మంచం అదిరిపోతోంది. నాకు నిద్ర లేదు. ఆపకపోతే ఇల్లు ఖాళీ చేస్తాను."

విజయరంగన్‌కు తల కొట్టేసినట్టయింది. సొంత భాషలో ఇంటికొచ్చిన చీవాట్లను ఇన్నాళ్లూ తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

"మాకు మాట ఉండాది సార్, రాత లేదు" అన్నాడు తలెత్తకుండా.

ఆ రాత్రి పదింటికి పళ్లు తిన్నాడు, మూడు చుట్లు తిరిగాడు, పడుకున్నాడు. కళ్లు మళ్లీ గాజుగోళీలు. అందులో ఏముందో తెలిశాక నిద్ర ఎలా వస్తుంది? గంటసేపు పొర్లాడు. లేచి మిషను వైపు చూసి, దాని జోలికి పోకుండా మెట్లెక్కి తలుపు తట్టాడు.

"సార్, ఇంకో కాగితం రాసియ్యండి. ఏం రాసినారో మాత్రం నాకు చెప్పొద్దండి."

రామభద్రరావు కలం తీశాడు. మెట్ల కింద నుంచి సౌభాగ్యం గొంతు వినిపించింది.

"అంకెలు మాత్రం మార్చొద్దండి సార్. ఇంట్లో ఇంక రెండు పండ్లే ఉండాయి."