గార్డు స్టీఫెన్ తుపాకీ

"...ఈ గేములో తుపాకీకి ముప్పై తూటాలండీ, మీ భుజాన ఉన్నదానికి రెండే!" అని నెట్ సెంటర్ గంగాప్రసాద్ ఎగతాళి చేశాడు.

"గురి ఉంటే రెండు చాలవుటయ్యా?" అన్నాడు బ్యాంకు గార్డు స్టీఫెన్, కంప్యూటర్ గేములో ఇంకొకడిని పడగొడుతూ. పటమటలో భోజనాల వేళ రోజూ ఇదే వరస. టోపీ మోకాలి మీద పెట్టుకుంటాడు. కీబోర్డులో తూటాలు నింపే మీట మీంచి ఎడమచేతి వేలు తియ్యడు. అసలు తుపాకీ ఏనాడూ పేల్చలేదు.

ఆ మధ్యాహ్నం బ్యాంకులో ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడొకడు కత్తితో క్యాషియర్ సత్యశ్రీ మీదికి వచ్చాడు. స్టీఫెన్ ఖాళీ తుపాకీ ఎత్తాడు. తూటాలు నడుం బెల్టులోనే ఉన్నాయి. అతని ఎడమ వేలు మాత్రం తుపాకీ కర్రను మీటలా నొక్కింది, మళ్లీ మళ్లీ నొక్కింది. సత్యశ్రీ కేకపెట్టి స్టూలు విసిరితే వాడు పారిపోయాడు.

"మీ గన్ను చూసే బెదిరాడయ్యా!" అన్నారు మేనేజరు గారు.

స్టీఫెన్ తూటాల్లేని ఆ తుపాకీని ఆయన బల్ల మీద పెట్టాడు. "రేపట్నుంచి నేను డ్యూటీకి రానండీ," అన్నాడు.