విప్పిన అయిదు అక్షరాలు

ఏలూరు కొత్త జిల్లా అయిన ఏడాది జూన్‌లో నన్ను తాడేపల్లిగూడెం నుంచి కలిదిండి కుట్టు శిక్షణ కేంద్రానికి బదిలీ చేశారు. హోదా క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్, గ్రేడ్ వన్. అంటే మిషను కుట్టు, చేతికుట్టు రెండూ నేర్పాలి, పరీక్ష పెట్టాలి, నెలాఖరుకి హాజరు పట్టీ సూపర్‌వైజరు గారికి పంపాలి. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. నా దగ్గర్నుంచి వంకర కుట్టు బయటికి పోదని డిపార్ట్‌మెంటులో పేరుండేది. ఆ పేరంటే నాకు గర్వమే, దాచుకోవడం దేనికి.

ఆ బ్యాచ్‌లో మార్తమ్మ అని ఒకామె చేరింది. చేపల చెరువుల మీద కూలికి వెళ్లే మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. చెల్లెలు సువార్త గొంతు జబ్బుతో పోయి అప్పటికి మూడు నెలలు. ఆ చెల్లెలి చీరలతో బొంత కుట్టుకోవాలని వచ్చింది. బొంత మధ్యలో వెలిసిన గులాబీరంగు చీర గుడ్డతో 'భయపడకు' అని అక్షరాలు కుట్టింది. ఒక్కో అక్షరం అరచేయంత ఉంది.

గుడ్డతో అక్షరం కుట్టడం తేలిక పని కాదు. తెలుగు అక్షరమంతా వంపులే. గీతకు పావంగుళం బయటగా కత్తిరించి, వంపుల దగ్గర చిన్న గాట్లు పెట్టి, అంచును లోపలికి మడిచి, ముందు కచ్చాకుట్టు వేసుకుని, ఆపైన హెమ్మింగ్ చేయాలి. మార్తమ్మ హెమ్మింగ్‌కి వంక పెట్టడానికి లేదు. అక్షరాలే దారీ తెన్నూ లేకుండా ఉన్నాయి. 'భ' పక్కకి ఒరిగింది, 'కు' చివర ఎక్కడికో సాగిపోయింది.

"అట్ట అచ్చులున్నాయి కదమ్మా, వాటితో కత్తిరించుకో" అన్నాను.

"ఇలాగే ఉండనివ్వండి మేడం గారూ" అంది.

మొహమాటమనుకున్నాను. ఎందుకని అడగలేదు.

దసరా ముందు ఏలూరులో శిక్షణ కేంద్రాల ప్రదర్శన పెట్టారు. కేంద్రానికి ఒక్క వస్తువు పంపాలి. మా కేంద్రంలో ఆ బొంతే అందరి కంటా పడేది. మార్తమ్మను అడిగితే సరేనంది. మర్నాటి నుంచి చెరువులో చేపల పట్టుబడి ఉందని మూడు రోజులు రాలేదు. ఆ వంకర అక్షరాలు చూస్తూ నా చేయి ఊరుకోలేదు. బ్లేడు పెట్టి అయిదూ విప్పేశాను. చెల్లెలి గుడ్డ కదా అని జాగ్రత్తగా అదే చీరలో మిగిలిన ముక్క తీసి, అచ్చులతో కొత్త అక్షరాలు కత్తిరించి నేనే కుట్టాను. విప్పేటప్పుడు మడతల లోపల బాల్ పెన్ను గీతలు కనిపించాయి. మార్కింగ్‌కి చాక్ వాడమని ఎన్నిసార్లు చెప్పాను, వింటేగా అని విసుక్కున్నాను కూడా. పాత అక్షరాలు దిండ్లలో కూరే ముక్కల బస్తాలో పడేశాను.

నాలుగో రోజు మార్తమ్మ వచ్చి బొంత చూసింది. అక్షరాల మీద వేలు పెట్టి తడుముతూ, "పాతవి ఏవండీ?" అంది. ఎందుకన్నాను.

"ఆపరేషనయ్యాక చెల్లికి మాట పోయిందండి. నేను ఏడుస్తుంటే మంచం మీదే తన చీర పరుచుకుని పెన్నుతో పెద్దగా ఈ మాట రాసిందండి. చెయ్యి వణికేది. అది రాసింది, నేను కత్తిరించానండి."



బస్తా నేలమీద బోర్లించి ఇద్దరం వెతికాం. బ్యాచ్ వాళ్లు అప్పటికే ఆ ముక్కలతో నాలుగు దిండ్లు కుట్టేశారు, అవీ విప్పించాను. మధ్యాహ్నానికి 'భ', 'ప', 'కు' దొరికాయి. 'య', 'డ' దొరకలేదు. ఏ ముక్కల్లో కలిసి చెత్తలోకి పోయాయో. కొత్తవి తీసేసి వాటి చోట దొరికిన మూడూ మళ్లీ కుడతానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దండి. మీరు మంచికే చేశారు. ఏలూరు పంపేయండి."

ఒక్క మాట తిట్టినా నాకు తేలికగా ఉండేది. తిట్టలేదు. మూడు అక్షరాలూ కొంగు చివర ముడేసుకుని వెళ్లింది.

ఏలూరులో బొంతకి మొదటి బహుమతి వచ్చింది. అక్షరాల తీరు చాలా బాగుందని జడ్జి గారు నాతో ప్రత్యేకంగా చెప్పారు. సర్టిఫికెట్ మార్తమ్మకి ఇచ్చి బొంత తీసుకెళ్లమన్నాను. "ఇక్కడే ఉండనివ్వండి" అంది. నేను రిటైరయ్యే రోజున కూడా అది కేంద్రంలో అద్దాల బీరువాలోనే ఉంది. ఆ తాళం నేనే తర్వాతి ఇన్‌స్ట్రక్టరుకి అప్పగించాను.

ఆ ప్రదర్శన తర్వాత రిటైరయ్యేదాకా నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఎంత వంకర కుట్టయినా, ఇలా ఎందుకు కుట్టావని అడిగి, జవాబు పూర్తిగా విని, ఆ తర్వాతే బ్లేడు తీసేదాన్ని. అడిగితే పది మందిలో తొమ్మిది మంది చేతకాకే అలా కుట్టామన్నారు. మార్తమ్మను అడిగి ఉంటే ఒక్క నిమిషం పట్టేది.